ఫిష్ పై ఇంట్లో చేద్దామంటే: పైన దుంపా, పఫ్ పొరలా? లోపల ఏ చేప?

ఫిష్ పై పేరులోనే తిరకాసు ఉంది. కొత్తగా ఇంగ్లండ్ వచ్చినవాళ్లం పై అనగానే మన బేకరీ ఎగ్ పఫ్ లాంటి పొరలు ఊహించుకుంటాం. తీరా వచ్చేది మెదిపిన బంగాళదుంప కింద పాల సాసులో ఉడికిన చేప ముక్కలు. మొదటిసారి ఒక పబ్‌లో ఆర్డరిచ్చి, వచ్చిన గిన్నె చూసి, పక్క టేబుల్ వాళ్లది పొరపాటున మాకు తెచ్చారనుకున్నాను.

లీడ్స్ వచ్చి పన్నెండేళ్లయింది. ఈలోగా ఎన్ని ఫిష్ పైలు చేశానో లెక్కలేదు గానీ చెడగొట్టినవి మాత్రం బాగా గుర్తున్నాయి. మొదటిది ఫ్రీజర్ ప్యాకెట్‌తో చేశాను. ముక్కలు సరిగ్గా కరగకముందే సాసులో వేసి, మీద దుంప పరిచి ఓవెన్‌లో పెట్టేశాను. నలభై నిమిషాల తర్వాత తీస్తే చేపల్లోని నీరంతా పైకొచ్చి, దుంప ముద్దలు వరద గోదావరిలో లంకల్లా విడివిడిగా కనిపించాయి. మావారు దానికి 'వరద పై' అని పేరు పెట్టారు, ఇప్పటికీ ఏడిపిస్తారు. అప్పటి నుంచి ఈ వంటలో ఏది ఎంచుకోవాల్సి వచ్చినా నేను చూసుకునేవి రెండే. దీనివల్ల నీరు చేరుతుందా? ఇందులో వేసే పొగపెట్టిన చేప వాసన నిలుస్తుందా? మిగతావి ఎవరి ఇష్టం వాళ్లది.

పైన ఏం కప్పాలి

సంప్రదాయం అన్న మాట పట్టుకుంటే పిండి కప్పుదే పెద్దరికం. బంగాళదుంప దక్షిణ అమెరికా నుంచి యూరప్‌కు వచ్చిందే 16వ శతాబ్దంలో. అంతకు ఎంతో ముందు నుంచీ ఇక్కడ చేపల్ని పిండి గూడులో పెట్టి కాల్చేవాళ్లు. గ్లోస్టర్ నగరం రాజులకు లాంప్రే అనే పాములాంటి చేపతో పై చేయించి పంపేది. 1953లో రెండో ఎలిజబెత్ పట్టాభిషేకానికి కూడా పంపింది. కార్న్‌వాల్‌లోని మౌజల్ అనే పల్లెలో డిసెంబర్ 23న స్టార్‌గేజీ పై చేస్తారు. అందులో పిల్చర్డ్ చేపల తలలు పిండిలోంచి బయటికి పొడుచుకొచ్చి ఆకాశం చూస్తుంటాయి. తలలోని నూనె మళ్లీ లోపలికే జారాలని అలా నిలబెడతారట. ఆ ఫొటో చూపిస్తే మా అత్తయ్యగారు "చేప తల విలువ తెలిసినవాళ్లే" అన్నారు.

ఇప్పుడు మాత్రం బ్రిటన్ ఇళ్లలో ఫిష్ పై అంటే దుంప కప్పుదే. గొర్రె కీమాతో చేసే షెపర్డ్స్ పై, బీఫ్ కీమాతో చేసే కాటేజ్ పై ఉన్నాయి కదా, వాటికి ఇది చెల్లెలు.

రెంటిలో ఏది చేయాలంటే, రోజువారీ ఇంటి వంటకు నా ఓటు దుంపకే. అది సాసును కొంత పీల్చుకుంటుంది. లోపల కాస్త నీరు చేరినా పరువు కాపాడుతుంది. ఒక్క గిన్నెతో అందరి భోజనం అయిపోతుంది. మర్నాడు వేడి చేసుకున్నా బాగుంటుంది. దుంపలు చెక్కు తీసి, ఉడికించి, మెదపడానికి ముప్పావుగంట అదనంగా పడుతుంది, అదొక్కటే బాధ.

పఫ్ పేస్ట్రీ అయితే షాపులో చుట్టిన షీటు దొరుకుతుంది. తీసి పరిచి, గుడ్డు సొన రాసి, ఆవిరి పోవడానికి రెండు గాట్లు పెడితే చాలు. బల్ల మీదికి తెచ్చేటప్పుడు బంగారంలా మెరుస్తుంది, వచ్చినవాళ్లు "అబ్బ" అంటారు. ఆ ముచ్చట అరగంటే. కింద సాసు ఆవిరికి పొర అడుగుభాగం మెత్తబడి ముద్దవుతుంది. మిగిలింది మైక్రోవేవ్‌లో పెడితే తడిసిన అట్టముక్కే. కాబట్టి అతిథులు వచ్చి కూర్చున్నాక, తీసీ తీయగానే వడ్డించేట్టయితే పఫ్ మంచిదే. దాని కింద వేసే సాసు పూర్తిగా చల్లారి ఉండాలన్నది మాత్రం మర్చిపోవద్దు. వేడి మీద పరిస్తే ఓవెన్‌లోకి వెళ్లకముందే వెన్న కరిగి పొరలు లేవవు. ఫిలో అనే కాగితంలాంటి పలచటి పిండి పొరలు నలిపి పైన పడేసే పద్ధతి కూడా ఉంది. తేలిగ్గా, కరకరలాడుతూ ఉంటుంది. కడుపు నిండదు.

దుంపకే ఓటేశాక, ఏ దుంప అన్నది చిన్న విషయం కాదు. పిండిపిండిగా ఉడికే రకం కావాలి. ఇక్కడ 1966లో వచ్చిన మారిస్ పైపర్, అంతకన్నా పాతదైన 1902 నాటి కింగ్ ఎడ్వర్డ్, రెండూ పనికొస్తాయి. సలాడ్‌కు వాడే చిన్న నున్నటి దుంపలు వద్దు, అవి మెదిపితే జిగురుగా సాగుతాయి. ఉడికిన దుంపలు వార్చాక అదే గిన్నెలో రెండు మూడు నిమిషాలు మూత లేకుండా వదిలేయండి. ఆవిరి పోయి పొడిగా అవుతాయి. తొందరకు మిక్సీలో మాత్రం వేయకండి. బ్లేడు తిరిగేకొద్దీ పిండిపదార్థం బయటికొచ్చి, గోడకు పోస్టరంటించే బంక తయారవుతుంది. నేను వేశాను, అందుకే చెప్తున్నాను. కిలో దుంపకు 50 గ్రాముల వెన్న, మూడు నాలుగు చెంచాల పాలు చాలు. విడిగా తినే మాష్ కంటే ఇది కాస్త గట్టిగానే ఉండాలి.

చేప: ఎక్కడ పొదుపు, ఎక్కడ ఖర్చు

సూపర్‌మార్కెట్లో 'ఫిష్ పై మిక్స్' అని చిన్న డబ్బా దొరుకుతుంది. తెల్ల చేప, సాల్మన్, పొగపెట్టిన చేప, మూడూ ముక్కలు కోసి ఉంటాయి. ఆఫీసు నుంచి ఇంటికొస్తూ తెచ్చుకోవడానికి బాగానే ఉంటుంది. నాకు అందులో రెండు నచ్చవు. ఒకటి, తోక ముక్కలూ అంచు ముక్కలూ కలిపి సైజులు ఎగుడుదిగుడుగా ఉంటాయి. చిన్నవి పీచులయ్యే సమయానికి పెద్దవి ఉడుకుతాయి. రెండోది, పొగ చేప పేరుకు నాలుగు ముక్కలు పడేస్తారు. ఇద్దరే ఉంటే ఆ డబ్బా కొనండి, ముక్కలు ఎటూ తక్కువే. నలుగురికి చేయాలంటే చేపల కౌంటర్‌కు వెళ్లి విడివిడిగా కొనుక్కోవడమే మేలు. మాకు లీడ్స్‌లో కిర్క్‌గేట్ మార్కెట్ ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. తోలు తీసి, ముళ్లు లాగి ఇమ్మంటే ఇస్తారు. ఇంటికొచ్చాక ముక్క మీద వేలు పెట్టి మరోసారి తడుముకోండి, సన్న ముల్లు ఒకటీ అరా ఉండనే ఉంటుంది.

తెల్ల చేప దగ్గర పొదుపు చేయొచ్చు. ఇంగ్లండ్ దక్షిణాది వాళ్లు కాడ్ అంటారు, మా యార్క్‌షైర్ వాళ్లు హాడాక్ తప్ప ముట్టరు, ఫిష్ అండ్ చిప్స్ దుకాణాల్లో ఈ వాదన తెగేది కాదు. పైలోకి వచ్చేసరికి సాసులో మునిగాక ఆ తేడా పట్టుకోవడం కష్టం. కాడ్ రేకులు పెద్దవిగా విడతాయి, హాడాక్ కాస్త తియ్యగా ఉంటుంది, అంతే. అంతకన్నా చవగ్గా కోలీ, పొల్లాక్ దొరుకుతాయి. కోలీ పచ్చిగా ఉన్నప్పుడు బూడిద రంగులో ఉండి చూడగానే వద్దనిపిస్తుంది, ఉడికితే తెల్లబడుతుంది. నేను సగం సార్లు కోలీయే వాడతాను, తిన్నవాళ్లెవరూ కనిపెట్టలేదు. ఏది కొన్నా ప్యాకెట్ మీద ఎంఎస్‌సీ నీలం గుర్తు ఉందో లేదో చూసుకోండి. సముద్రంలో చేప తరిగిపోకుండా పట్టినవాటికి ఆ గుర్తు ఇస్తారు.

మిగిల్చిన డబ్బు పొగ చేప మీద పెట్టండి. ఫిష్ పైకి ప్రాణం అదే. అది లేకపోతే మిగిలేది పాలు, మైదా, దుంప, చేప: అన్నీ తెలుపే, అన్నీ చప్పనే. కౌంటర్లో పొగపెట్టిన హాడాక్ రెండు రంగుల్లో కనిపిస్తుంది. ఒకటి చామంతి పువ్వులా పచ్చగా, ఇంకొకటి లేత గోధుమ రంగులో. ఆ పచ్చదనం పొగది కాదు, వేసిన రంగు. అనాటో గింజలదో, మన పసుపులోంచి తీసిన కుర్కుమినో అయ్యుంటుంది. రుచికి ఏమీ కలపదు. పిల్లలకు సాసు లేత పసుపుగా కనిపిస్తే ఇష్టంగా తింటారని పక్కింటి పెద్దావిడ పచ్చదే కొంటుంది. నేను రంగు లేనిదే కొంటాను.

మన ఆత్రేయపురం పూతరేకులకు ఉన్నట్టే ఇంగ్లండ్‌లోని గ్రిమ్స్‌బీ ఊరి పొగ చేపకూ, ఆర్బ్రోత్ స్మోకీ అనే స్కాట్లండ్ పొగ హాడాక్‌కూ భౌగోళిక గుర్తింపు ఉంది. ఈ రెండూ ఒకటే అనుకుని కొనేస్తే మాత్రం దెబ్బతింటారు. గ్రిమ్స్‌బీది చల్లటి పొగలో పెట్టింది, అంటే పొగ పట్టినా చేప పచ్చిదే, ఉడికించాలి. స్మోకీని వేడి పొగలో పెడతారు కాబట్టి అప్పటికే ఉడికి ఉంటుంది. దాన్ని మళ్లీ పాలల్లో ఉడికిస్తే పీచవుతుంది. ముళ్లు తీసి, రేకులు విడదీసి, చివర్లో సాసులో కలుపుకోవాలి. పొగపెట్టిన మాకరెల్ చవగ్గా వస్తుంది కదా అనిపిస్తుంది. అది వేస్తే మిగతా చేపల నోరు మూయిస్తుంది, వద్దు.

సాల్మన్ రంగు కోసం, కాస్త కొవ్వు కోసం. ఎక్కువ వేస్తే సాసు మీద నూనె తేలుతుంది. నలుగురికి నా లెక్క ఇది: పొగ హాడాక్ 250 గ్రాములు, తెల్ల చేప 300, సాల్మన్ 150.

ముందే ఉడికించాలా, పచ్చిగా పెట్టాలా

ఇక్కడి వంటింట్లో రెండు పక్షాలున్నాయి. పాత పక్షం చేపలన్నిటినీ ముందు పాలల్లో ఉడికించి, తీసి, ఆ పాలతోనే వైట్ సాస్ చేస్తుంది. చేప వదలాల్సిన నీరు ముందే వదిలేస్తుంది, సాసుకు చేప రుచి వస్తుంది. అయితే అదే చేప మళ్లీ ఓవెన్‌లో అరగంట ఉడుకుతుంది. పులుసులో చేప వేశాక ఎన్ని నిమిషాలు ఉంచాలో తెలిసిన మన చేతికి ఇది మింగుడు పడదు. రెండో పక్షం పచ్చి ముక్కల్నే గిన్నెలో పరిచి, సాసు పోసి, దుంప కప్పి పెడుతుంది. చేప మెత్తగా, రసం పోకుండా ఉంటుంది. కానీ ఆ రసమంతా సాసులోకే దిగుతుంది. నా వరద పై సంగతి చెప్పాను కదా.

చాలా పైలు తగలేశాక నాకు కుదిరింది రెంటికీ మధ్య దారి. పొగ చేపను మాత్రమే ముందు పాలల్లో పెడతాను. అర లీటరు పాలు, సగం ఉల్లిపాయ, నాలుగు మిరియాలు, ఒక బే ఆకు. (ఇక్కడి బే ఆకు, మన బిర్యానీ ఆకు వేర్వేరు చెట్లవి. మనది వేస్తే సాసుకు లవంగం, దాల్చిన చెక్క వాసన వస్తుంది.) పాలు అంచుల దగ్గర బుడగలు వచ్చేదాకా కాగనిచ్చి, చేప వేసి, సన్న సెగ మీద ఐదారు నిమిషాలు. పొగ వాసనంతా పాలల్లోకి దిగుతుంది. తెల్ల చేప, సాల్మన్ మాత్రం పచ్చివే, బొటనవేలంత మందంలో పెద్ద ముక్కలుగా కోసి, పేపర్ టవల్‌తో తడి అద్ది పెడతాను.

ఫ్రీజర్ చేపే ఉంటే ముందురోజు రాత్రి ఫ్రిజ్‌లో జల్లెడ గిన్నెలో పెట్టి కరగనివ్వండి. కింద చేరిన నీళ్లు చూస్తే అవన్నీ పైలోకి పోయేవని అర్థమవుతుంది. అంత ఓపిక లేకపోతే ఫ్రీజర్ చేపకు పాత పక్షమే సరైనది, అన్నీ ముందే ఉడికించేయండి.

సాసుకు వెన్న 50 గ్రాములు, మైదా 50 గ్రాములు, వడకట్టిన ఆ అర లీటరు పాలు. మైదా వెన్నలో పచ్చివాసన పోయేదాకా వేయించి, పాలు కొంచెం కొంచెంగా పోస్తూ కలపాలి. గరిటె వెనక గీత గీస్తే నిలవాలి. పలచగా అనిపిస్తే ఇంకో రెండు నిమిషాలు పొయ్యి మీదే ఉంచండి, ఓవెన్‌లో గట్టిపడుతుందిలే అనుకోవద్దు, అక్కడ పలచబడుతుంది. ఉప్పు చివర్లో రుచి చూశాకే, పొగ చేపలోనే బోలెడు ఉంటుంది. మైదా బాధ లేకుండా క్రెమ్ ఫ్రెష్ అనే పుల్లటి చిక్కటి మీగడ డబ్బా కలిపేసే పద్ధతి కూడా ఉంది. పది నిమిషాలు మిగులుతాయి. పచ్చి చేప పెడుతున్నప్పుడు మాత్రం అది నీరు ఆపలేదు.

గుడ్లు, రొయ్యలు, బఠాణీలు

ఉడికించిన కోడిగుడ్డు వేయాలా వద్దా అని ఇక్కడ కుటుంబాలు చీలిపోతాయి. పాతకాలపు ఇళ్లలో వేస్తారు. గట్టిగా ఉడికిన గుడ్డు ఓవెన్‌లో మళ్లీ ఉడికి రబ్బరవుతుంది, ఏడు నిమిషాల గుడ్డయితే ఫర్వాలేదు. మా ఇంట్లో వేస్తాం, కోడిగుడ్డు పడని కూర ఏముంటుంది. రొయ్యలు వేస్తే పచ్చివే వేయండి. గులాబీ రంగులో ఉడికి వచ్చేవి చుట్టలు చుట్టుకుపోతాయి. బఠాణీలు లోపల వేసేకంటే పక్కన పెట్టుకోవడం నయం. సాసులో పార్స్లీ గుప్పెడు, చిటికెడు జాజికాయ, ఒక చెంచా మస్టర్డ్ చాలు. పార్స్లీ బదులు కొత్తిమీర వేస్తే అది వేరే వంటైపోతుంది.

కారం సంగతి. అత్తయ్యగారు కాకినాడ నుంచి వచ్చినప్పుడు మొదటి ముద్ద తిని, "బాగానే ఉందమ్మా, ఉప్పూ కారం వేసేదెప్పుడు?" అని అడిగారు. ఆ తర్వాతి వారం చేపకు అల్లం వెల్లుల్లి, కారం పట్టించి చేశాను. తినలేకపోయాం. పాలు, వెన్న, మసాలా చేపతో కలిసి ఒకదాన్నొకటి పాడు చేసుకున్నాయి. చేపకు నిమ్మరసం పట్టించి నానబెట్టినా సాసు విరిగినట్టవుతుంది. కారం కావాలంటే లోపల వద్దు. మెదిపిన దుంపలో పచ్చిమిర్చి సన్నగా తరిగి, దంచిన మిరియాలు కలపండి. లేదంటే పక్కన ఆవకాయ పెట్టుకోండి. అత్తయ్యగారు రెండోదే ఎంచుకున్నారు, చూసి నేనూ మొదలుపెట్టాను. పొగ చేపకు ఆవపిండి ఘాటు అంత నప్పుతుందని అప్పటిదాకా తెలీదు.

కాల్చడం దగ్గర చెప్పడానికి ఎక్కువ లేదు. చేపలు, సాసు గిన్నెలో పోశాక ఇరవై నిమిషాలు చల్లారనివ్వండి, సాసు పైన పొర కట్టాక దుంప వేస్తే మునగదు. అంచుల నుంచి మొదలుపెట్టి మధ్యకు రావాలి, అంచు మూసుకోకపోతే సాసు అక్కడి నుంచే పొంగుతుంది. ఫోర్కుతో గీతలు గీసి, 50 గ్రాముల చెడ్డార్ చీజ్ తురిమి చల్లి, 200 డిగ్రీల దగ్గర, ఫ్యాన్ ఓవెన్ అయితే 180, ముప్పై ఐదు నుంచి నలభై నిమిషాలు. గిన్నె కింద ట్రే పెట్టండి. ఓవెన్ అడుగున మాడిన పాలు గోకడం కంటే ట్రే కడగడం సుఖం.

హైదరాబాద్‌లోనో విశాఖలోనో చేయాలంటే

మా చెల్లెలు హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి "ఏ చేప తేవాలి?" అని అడుగుతుంటుంది. ముందు ముల్లు చూడు అంటాను. బొచ్చె, శీలావతి పులుసుకు రాణులే గానీ కండలో కలిసిపోయిన సన్న ముళ్లుంటాయి, సాసులో వాటిని ఏరుకుంటూ తినలేం. అపోలో ఫిష్‌కు వాడే బోన్‌లెస్ ముక్కలు అడిగితే చేపల కొట్టులో అర్థమవుతుంది. అలా దొరికేవాటిలో పండుగప్పది నా మొదటి ఎంపిక. కాడ్‌లాగే తెల్లగా రేకులు విడుతుంది. కొరమీను ముక్క చెదరదు, కాస్త గట్టిగా ఉంటుంది. వంజరం రుచి బాగున్నా త్వరగా పొడిబారుతుంది, పెద్ద ముక్కలే వేయాలి. బాసా అందరికీ అందేది. అన్నిట్లోకీ నీరు ఎక్కువ వదిలేదీ అదే. దాన్ని పాత పక్షం ప్రకారం ముందే ఉడికించి, నీరు వార్చి వాడాలి.

దుంపల్లో కొత్త దుంప వద్దు, నీరెక్కువ. నిల్వ ఉన్న పాత దుంప తీసుకోండి. చిప్సోనా రకం కనిపిస్తే వదలొద్దు. ఓటీజీలో పై రాడ్, కింది రాడ్ రెండూ వేసుకోవాలి, చివరి ఐదు నిమిషాలు పైది మాత్రమే. మామూలు మైక్రోవేవ్‌లో దుంప ఎర్రబడదు.

చిక్కల్లా పొగ చేప దగ్గరే. ఎండుచేప వేద్దామన్న ఆలోచన మా చెల్లెలికి వచ్చింది, నేను ఆపాను. ఆ ఉప్పుకీ ఆ వాసనకీ పాలు తట్టుకోలేవు. పెద్ద సూపర్‌మార్కెట్ల ఫ్రీజర్లో స్మోక్డ్ సాల్మన్ దొరుకుతుంది, అది చాలా ఖరీదు, పైగా వేడికి దాని సొగసు పోతుంది. అంతకన్నా మనకు తెలిసిన బొగ్గు పొగే నయం. సాసు గిన్నె మధ్యలో చిన్న స్టీలు గిన్నె పెట్టి, ఎర్రగా కాలిన బొగ్గు ముక్క అందులో వేసి, మీద అర చెంచా వెన్న వేసి వెంటనే మూత పెట్టేయాలి. నెయ్యి వద్దు, బిర్యానీ వాసన వస్తుంది. మూడు నిమిషాలు చాలు. మా చెల్లెలు మొదటిసారి పది నిమిషాలు ఉంచింది. ఇల్లంతా కబాబుల బండి వాసన వచ్చిందట, పై మాత్రం గిన్నె నాకేశారని చెప్పింది.

మిగిలితే రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టి, రెండు రోజుల్లో తినేయండి. చేపల పులుసులా మర్నాటికి రుచి పెరుగుతుందని ఆశ పెట్టుకోకండి, ఉన్న రుచి నిలిస్తే గొప్ప. మధ్యలో పొగలు వచ్చేదాకా వేడి చేయాలి. ఓవెన్‌లో అయితే మూతగా ఫాయిల్ కప్పి ఇరవై ఐదు నిమిషాలు. ఆఖర్న ఫాయిల్ తీసి ఐదు నిమిషాలు ఉంచితే దుంప మళ్లీ కరకరలాడుతుంది.